సైమా సరస్సులో వల వదులుకున్నవాళ్లు

ఫిన్లాండ్ తూర్పున, సైమా సరస్సు మధ్య ఉన్న సావొన్‌లిన్నా ఊళ్లో ఏ దుకాణంలోకి వెళ్లినా సీల్ అనే నీటి జంతువు బొమ్మ ఎదురవుతుంది. కప్పుల మీద, టీషర్టుల మీద, పిల్లల టోపీల మీద అదే బొమ్మ. ముదురు బూడిద రంగు ఒళ్లు, దాని మీద తెల్లటి ఉంగరాల్లాంటి మచ్చలు, పెద్ద నల్లటి కళ్లు. ఇక్కడివాళ్లు దాన్ని నోర్పా అంటారు. ప్రపంచంలో సైమాలో తప్ప ఇంకెక్కడా లేని జంతువు అది. ఈ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లు టూరిస్టులను పిలవాలంటే ముందు దాని ముఖమే చూపిస్తాయి. పిలవడంలో తప్పేమీ లేదు, నేనూ ఆ బొమ్మ చూసే వెళ్లాను. కానీ ఫిన్లాండ్‌లో ఉంటూ, సెలవులకు సైమా వైపు వెళ్తూ వస్తున్న ఈ ఏళ్లలో నాకు ఒక విషయం గట్టిగా అనిపించింది. ఆ జంతువు ఇవాళ బతికి ఉందంటే కారణం టూరిజం కాదు. కొందరు మామూలు పల్లెటూరి మనుషులు తమ వలలు వదులుకున్నారు కాబట్టి బతికింది. ఆ వదులుకున్నవాళ్లకు టూరిజం ఇంకా బాకీ ఉంది.

ముందు సరస్సు సంగతి చెప్పాలి. సైమా ఫిన్లాండ్‌లోకెల్లా పెద్దది, సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు. ఒక్క ముక్కగా పరుచుకున్న నీరు కాదది. దీవులు, ద్వీపకల్పాలు, ఇరుకు జలసంధులు కలిసిపోయి ఉంటాయి. దీవులే పదమూడు వేలకు పైగా ఉన్నాయి. ఎంత దూరం వెళ్లినా అవతలి గట్టు కనిపిస్తూనే ఉంటుంది, అది గట్టో ఇంకో దీవో తెలియదు. మంచు యుగం ముగిశాక హిమానీనదాలు వెనక్కి తగ్గుతూ వదిలేసిన రాళ్లూ ఇసుకా దక్షిణాన పొడవాటి గుట్టల వరుసగా నిలిచిపోయాయి. దాని పేరు సాల్పౌస్‌సెల్కా. ఈ గుట్టలు, రాళ్లు, సరస్సు కలిసిన ప్రాంతానికి 2021లో యునెస్కో గ్లోబల్ జియోపార్క్ గుర్తింపు ఇచ్చింది. ఆ కాలంలోనే, నేల పైకి లేస్తూ సముద్రం దూరమైపోతున్నప్పుడు, కొన్ని సీళ్లు ఈ మంచినీళ్లలో చిక్కుబడిపోయాయి. తొమ్మిది వేల ఏళ్లకు పైగా అవి ఇక్కడే పుట్టి ఇక్కడే చస్తున్నాయి.

వాటిని చంపినవాళ్లకు ప్రభుత్వమే డబ్బులిచ్చిన రోజులున్నాయి. చేపలు తినేస్తోందని దాన్ని శత్రువుగా చూసేవారు. 1940ల దాకా ఆ బహుమానం నడిచింది, 1955లో రక్షణ చట్టం వచ్చింది. చట్టం వచ్చినా సీళ్లు కోలుకోలేదు. 1980ల నాటికి నూట యాభై కూడా మిగల్లేదు. తుపాకీ పోయి నైలాన్ వల వచ్చింది. నీళ్లలో నిలువుగా కట్టి వదిలేసే ఆ సన్నటి వలలు సీల్ పిల్లకు కనిపించవు. ఫిబ్రవరి, మార్చిల్లో పుట్టిన పిల్ల ఏప్రిల్ చివరికల్లా తల్లిపాలు మానేసి ఒంటరిగా చేపలు పట్టడం నేర్చుకుంటుంది. అది నీళ్లలో మునిగి ఎంతో సేపు ఉండగలదు గానీ ఊపిరి కోసం పైకి రావాలి. వలలో చిక్కుకుంటే రాలేదు.

అందుకే సైమాలో సీళ్లు ఉండే నీళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ ఆఖరు దాకా ఇలాంటి వలలు వేయకూడదు. 2011లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు చాలా ఏళ్లు ఇది ఒప్పందాల మీద నడిచింది. ఆ ఒప్పందాలు ఎవరితో అన్నది తెలుసుకోవాలి. ఫిన్లాండ్‌లో సరస్సు నీళ్లలో ఎక్కువ భాగం ప్రభుత్వానిది కాదు. ఒక ఊళ్లో భూములున్నవాళ్లందరికీ ఆ ఊరి ముందున్న నీళ్లలో ఉమ్మడి వాటా ఉంటుంది. వాళ్లు సంఘంగా కూర్చుని ఎవరు ఎన్ని వలలు వేయాలో, లైసెన్సు ఎంతో తేల్చుకుంటారు. ఆ సంఘాన్ని ఒసాకస్‌కుంతా అంటారు. అధికారులు ఈ సంఘాలతో ఒక్కోదానితో మాట్లాడి, సంతకాలు పెట్టించుకుని, కొంత పరిహారం ఇచ్చి, వసంతంలో వలలు ఆపించారు. యూరోపియన్ కమిషన్ ఒత్తిడి పెరిగాక ఉత్తర్వు వచ్చింది. అప్పటికే చాలా ఊళ్లు ఒప్పుకుని ఉన్నాయి.

ఇది చిన్న త్యాగం అని హెల్సింకీలో కూర్చున్నవాళ్లకు అనిపించవచ్చు. మేము ఒకసారి సుల్కవా వైపు సరస్సు గట్టున ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ ఇంటాయన తండ్రి పక్కనే ఉండేవాడు, ఎనభై దాటిన మనిషి. ఆయనతో నాకు వచ్చిన ఫిన్నిష్‌లో చాలాసేపు మాట్లాడాను. మంచు కరిగిన వెంటనే వచ్చే వారాలే వలకు మంచి రోజులట. పైక్ చేపలు గుడ్లు పెట్టడానికి గట్టు దగ్గరి గడ్డిలోకి వస్తాయి, ఆ వెనకే పెర్చ్ చేపలు. ఆయన చిన్నప్పటి నుంచీ వల వేసింది ఆ వారాల్లోనే. చలికాలమంతా నిల్వ తిండి తిన్న ఇంటికి మొదటి పచ్చి చేప అప్పుడే వచ్చేది. ఇప్పుడు ఆ వల కొట్టంలో వేలాడుతోంది. సీల్ మీద ఆయనకు కోపం లేదు. కోపమల్లా పట్నం మనుషులు వేసవిలో వచ్చి, ఆయన ముంగిట్లోంచే సీల్‌ను ఫోటో తీసుకుని, ఈ నీళ్లు ఎంత స్వచ్ఛంగా ఉన్నాయో అని మురిసిపోయి వెళ్లిపోతారని. నీళ్లు అలా ఉండడం వెనక ఊరి నిర్ణయాలు ఉన్నాయని వాళ్లకు తోచదు. ఆయన మాటలు విన్నాక నేను కూడా టూరిజం బ్రోషర్లు వేరేగా చదవడం మొదలుపెట్టాను. వాటిలో ప్రకృతి ఉంటుంది, ఆవిరి స్నానం చేసే సౌనా ఉంటుంది, నిశ్శబ్దం ఉంటుంది. ఒసాకస్‌కుంతా అన్న మాట నాకు ఎక్కడా కనబడలేదు.

వల ఒక్కటే కాదు. నోర్పా గట్టు దగ్గర గడ్డకట్టిన నీటి మీద పేరుకున్న మంచులో గుహ తవ్వుకుని పిల్లను పెడుతుంది. మంచు పడకపోతే గుహ ఉండదు. ఐదు కిలోల పసిపిల్ల చలికి, నక్కలకు, కాకులకు దొరికిపోతుంది. శీతాకాలాలు వెచ్చబడుతున్న కొద్దీ ఇలాంటి ఏళ్లు ఎక్కువవుతున్నాయి. దాంతో తూర్పు ఫిన్లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, జాతీయ పార్కులను చూసుకునే మెత్సాహల్లితుస్ సంస్థ వాళ్లు కలిసి మనుషుల చేత్తో మంచు దిబ్బలు కట్టించడం మొదలుపెట్టారు. 2014 శీతాకాలంలో మంచు బాగా తక్కువ పడింది. వలంటీర్లు పారలు పట్టుకుని గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లి, ఉన్న కాస్త మంచునూ పోగేసి, గట్ల వెంట వందల దిబ్బలు వేశారు. ఆ ఏడాది కనిపించిన పిల్లల్లో ఎక్కువ భాగం ఆ దిబ్బల్లోనే పుట్టాయి. ఆ పార పట్టినవాళ్లలో చాలామంది స్థానికులే. జనవరి చలిలో, మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే రోజుల్లో, ఏ టూరిస్టూ చూడని పని అది. ఇప్పుడు సీళ్ల సంఖ్య ఐదు వందల దరిదాపుల్లో ఉంది. ఈ దేశంలో నేను చూసిన మంచి పనుల్లో ఇంతకంటే గొప్పది నాకు గుర్తు రావడం లేదు.

ఇక్కడ టూరిజానికీ ప్రకృతి రక్షణకూ ఉన్న బంధం నిన్న మొన్నటిది కాదు. సావొన్‌లిన్నా దగ్గర పుంకాహర్యు అని ఏడు కిలోమీటర్ల సన్నటి గుట్ట ఉంది, రెండు వైపులా నీళ్లు, మీద పైన్ చెట్లు. రష్యా జార్ల పాలనలో, 1840లలో, ఆ అందం చూసే దాన్ని కాపాడాలని నిర్ణయించారు. 1845లో అక్కడ అడవి కాపరికి కట్టిన ఇల్లే తర్వాత హోటలైంది. ఇప్పటికీ ఉన్న హోటళ్లలో ఫిన్లాండ్‌లోకెల్లా పాతది అదే. గుట్ట ఇవాళ్టికీ అలాగే ఉంది. ఇటు దక్షిణాన ఇమాత్రాలో ఇంకో కథ జరిగింది. సైమా నీళ్లన్నీ వూక్సి నది ద్వారా లడోగా సరస్సుకు పోతాయి, ఆ దారిలో ఇమాత్రా దగ్గర పెద్ద ఉరవడి ఉండేది. 1772లో రష్యా మహారాణి క్యాథరిన్ చూసి వెళ్లింది. ఆ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జనం వరదలా వచ్చారు. 1842లో దాని చుట్టూ ఉన్న నేలను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, ఈ దేశంలో మొదటిది. 1903లో కోటలాంటి హోటల్ కట్టారు. 1929లో విద్యుత్ కేంద్రం మొదలైంది, ఆ ఉరవడి ఆగిపోయింది.

ఆ కేంద్రం ఇప్పటికీ ఫిన్లాండ్‌లో అతి పెద్ద జలవిద్యుత్ కేంద్రం. వేసవిలో రోజూ కాసేపు గేట్లు ఎత్తి, సంగీతం పెట్టి, పాత రాతి లోయలోకి నీళ్లు వదులుతారు. జనం వంతెన మీద నిలబడి చూస్తారు. నేనూ చూశాను, నీళ్లు వచ్చే ఆ మొదటి నిమిషం ఒళ్లు ఝల్లుమంటుంది. కానీ కాసేపటికి రాళ్లు మళ్లీ ఆరిపోతుంటే బాధేసింది. దేశంలో మొట్టమొదట రక్షించిన చోటును, కరెంటు కావాల్సి వచ్చినప్పుడు రక్షించలేకపోయారు. యుద్ధం నుంచి కొత్తగా బయటపడ్డ పేద దేశానికి కరెంటు కావాలి, దాన్ని తప్పు పట్టలేను. టూరిస్టులు మెచ్చుకున్నంత మాత్రాన ఏ చోటూ నిలబడిపోదని మాత్రం ఇమాత్రాను చూస్తే తెలుస్తుంది. ఆ చోటు మీద హక్కున్న మనుషులు అడ్డం నిలబడాలి.

ఇలాగే సైమా సాల్మన్ ఉంది. సముద్రానికి పోకుండా సరస్సులోనే పెరిగే జాతి. ఉత్తరాన పియెలిస్‌యోకి నది మీద ఆనకట్టలు కట్టాక గుడ్లు పెట్టే చోటు పోయి, ఇప్పుడు హేచరీల్లో పెంచి వదిలితేనే బతుకుతోంది. పెంచి వదిలిన చేపకు ఒక చిన్న రెక్క కత్తిరించి ఉంటుంది. ఆ రెక్క ఉన్న చేప గాలానికి పడితే వదిలేయాలి. దీని బొమ్మ కప్పుల మీద కనిపించదు. పెద్ద నల్లటి కళ్లు లేవు కదా.

గత కొన్నేళ్లలో ఈ ప్రాంతం ఇంకో దెబ్బ తింది. లాప్పెన్‌రాంతా, ఇమాత్రా ఊళ్లు రష్యా సరిహద్దుకు దగ్గర. అటు నుంచి కార్లలో వచ్చి షాపింగ్ చేసుకుని, స్పాల్లో ఉండి, ఇళ్లు అద్దెకు తీసుకునేవారు. సరిహద్దు వెంట షాపులన్నీ రష్యన్ బోర్డులు పెట్టుకున్న కాలం అది. ముందు కోవిడ్ వచ్చింది. 2022లో యుద్ధం మొదలై వీసాలు ఆగాయి. 2023 చివరికి ఆ సరిహద్దు రోడ్లన్నీ మూతపడ్డాయి. లాప్పెన్‌రాంతా నుంచి 1856 నాటి సైమా కాలువ గుండా రష్యాలోని విబోర్గ్‌కు వెళ్లే పడవలూ ఆగిపోయాయి. ఒక్క చోటి నుంచి వచ్చే జనం మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో ఆ ఖాళీ షాపులు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఆ ఖాళీని జర్మనీ నుంచో, ఆసియా నుంచో ఎక్కడి నుంచైనా నింపాలని ఊళ్లు తొందరపడుతున్నాయి. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఉద్యోగాలు పోయాయి, కుర్రాళ్లు హెల్సింకీకి వెళ్లిపోతున్నారు. కానీ తొందరలో వేసే మొదటి అడుగు ఎప్పుడూ సరస్సు గట్టు మీదే పడుతుంది, కొత్త విల్లాలు, కొత్త పడవ రేవులు అంటూ. నా భయమంతా దాని గురించే.

ఫిన్లాండ్‌లో ఐదు లక్షలకు పైగా సెలవు ఇళ్లున్నాయి, మోక్కి అంటారు. పూమలా లాంటి ఊళ్లో ఏడాదంతా ఉండే మనుషుల కంటే మోక్కిలే ఎక్కువ. ఒకప్పుడు మోక్కి అంటే చెక్క గది, సౌనా, గట్టుకు కట్టిన తెడ్ల పడవ. ఇప్పుడు కట్టేవి చలికాలం కూడా ఉండగలిగే పెద్ద ఇళ్లు. ఊరి పంచాయతీకి పన్ను వస్తుంది, కట్టేవాళ్లకు పని దొరుకుతుంది, కాదనడం కష్టం. అయితే నోర్పా పిల్లను పెట్టేది గట్టు పక్కనే. గట్టున చలికాలంలో దీపం వెలిగి, స్నోమొబైల్ తిరిగితే అది ఆ చోటు వదిలేస్తుంది. 1990లో దేశం తీరాల రక్షణ కార్యక్రమం ఒకటి పెట్టుకుని, ఇలాంటి గట్లు చాలావాటిలో ఇళ్లు కట్టకుండా ఆపింది. అప్పుడు భూములున్నవాళ్లు చాలా కోప్పడ్డారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. తాత కొన్న గట్టు మీద మనవడు ఇల్లు కట్టుకోలేకపోవడం చిన్న విషయం కాదు. ఇవాళ మనం పడవలో వెళ్తూ మైళ్ల కొద్దీ ఖాళీ గట్టు చూసి ఆహా అనుకుంటున్నామంటే, అందులో ఆ మనవడి వాటా ఉంది.

కొలొవెసి జాతీయ పార్కు నాకు ఇక్కడ అన్నిటికంటే ఇష్టమైన చోటు. 1990లో ఏర్పాటైంది. అక్కడ మోటారు పడవలు నిషేధం. తెడ్లు వేసుకుంటూ వెళ్లాలి. ఎత్తయిన రాతి గోడల మధ్య నల్లటి నీళ్లు, తెడ్డు చప్పుడు తప్ప ఇంకేం వినిపించదు. మోటారు లేకపోవడం వల్ల అక్కడ టూరిజం చచ్చిపోలేదు. పడవలు అద్దెకిచ్చేవాళ్లు, దారి చూపే గైడ్లు, కాఫీ అమ్మేవాళ్లు బతుకుతున్నారు. రోజుకు వందల మందిని తిప్పే పెద్ద పడవ కంపెనీ మాత్రం అక్కడ పుట్టలేదు. నిషేధం పెడితే టూరిస్టు రాడన్న వాదన విన్నప్పుడల్లా నాకు కొలొవెసి గుర్తొస్తుంది.

ఇక మన సంగతి. హెల్సింకీ, ఎస్పో వైపు ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. జూన్, జూలైల్లో నాలుగైదు కుటుంబాలు కలిసి పెద్ద ఇల్లు తీసుకుని, బియ్యం, కుక్కర్, పచ్చళ్లతో సహా అన్నీ ఎస్పోలోనే కొనుక్కుని కార్లలో బయల్దేరతాం. రెండు రోజులుండి, ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం. అక్కడి ఊళ్లో మన రూపాయి, అదే యూరో, పెట్రోల్ బంకు దాటి పోదు. ఈ అలవాటు మార్చుకోవాలని మన వాట్సాప్ గ్రూపుల్లో నేను గట్టిగానే చెబుతున్నాను. సీల్‌ను చూడాలంటే జూలై కాదు, మే రెండో సగం సరైన సమయం. అప్పుడు అవి పాత బొచ్చు రాల్చుకోవడానికి గంటలకొద్దీ రాళ్ల మీద పడుకుంటాయి. సొంతంగా పడవ తీసుకుని మీదికి పోకండి, లిన్నన్‌సారి పార్కు పక్కన ఒరవి ఊరి నుంచి స్థానిక గైడ్లు దూరం పాటిస్తూ తీసుకెళ్తారు. లాప్పెన్‌రాంతాకు రైల్లో రెండు గంటలే. పుంకాహర్యు గుట్ట మీదికైతే పారిక్కలాలో బండి మారితే రైలే తీసుకెళ్తుంది. సావొన్‌లిన్నా మార్కెట్లో ముయిక్కు చేపలు రై పిండిలో దొర్లించి వెన్నలో వేయించి పెడతారు. నెత్తళ్ల వేపుడు ఇష్టపడే మనవాళ్లకు ఎందుకు నచ్చదు? ఆ చేప పట్టినవాడికి ఆ డబ్బు చేరుతుంది.

మా అమ్మమ్మగారిది కైకలూరు దగ్గర. అందుకే ఈ వల గొడవ నన్ను ఇంతగా పట్టుకుందేమో. కొల్లేరును 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యం చేశారు, 2002లో ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలోకి వెళ్లింది, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. సరస్సు కోసం అది చేయాల్సిందే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ వందల ఎకరాలు లీజుకు తీసుకున్న పెద్దవాళ్లనూ, సరస్సు తప్ప ఇంకో బతుకు తెలియని వలకారినీ ఒకే గీతతో కొట్టేయకూడదు. ఆటపాకలో గూడబాతులను చూడ్డానికి కట్టే టికెట్టులో ఆ వలకారికి వాటా ఉండాలని అడగడానికి మనకు ఇప్పటికైనా నోరు రావాలి.

సైమాలో నేను అడిగేది కూడా అదే. ప్రకృతి సంరక్షణ సంఘాలు వల నిషేధాన్ని జూలై ఆఖరుదాకా పొడిగించాలని ఏళ్లుగా అడుగుతున్నాయి, ఎందుకంటే జూలై ఒకటిన వలలు మళ్లీ దిగగానే పిల్లలు మళ్లీ చిక్కుకుంటాయి. ఆ సంఘాలు చెప్పేది నిజం. జూలైలో మోక్కికి వచ్చిన మనవళ్లతో కలిసి వల వేయడం మిగిలిన ఒక్క సరదా అని ముసలివాళ్లు చెప్పేదీ నిజం. జూలై అంటే టూరిస్టుల నెల కూడా, హోటళ్లు నిండేదీ, ఓలావిన్‌లిన్నా కోటలో ఒపెరా ఉత్సవం జరిగేదీ అప్పుడే. కాబట్టి ఆ నెలను టూరిజమే కొనాలి. జాతీయ పార్కుల్లో ప్రవేశం ఉచితం, అది అలాగే ఉండాలి, పేదవాడికి కూడా అడవి తెరిచి ఉండడం ఈ దేశపు గొప్పదనం. కానీ సైమా ఒడ్డున హోటల్లోనో అద్దె ఇంట్లోనో పడుకున్న ప్రతి రాత్రికీ ఒక యూరో, రెండు యూరోలు తీసుకోవచ్చు. మేమిస్తాం, సంతోషంగా ఇస్తాం. ఆ డబ్బు ప్రచారానికి పోకూడదు, కొత్త బోర్డులకూ పోకూడదు. జూలైలో వల ఆపే ఊళ్ల ఒసాకస్‌కుంతాలకు నేరుగా వెళ్లాలి. సీల్ తల దూరనంత చిన్న మూతి ఉన్న చేపల బోనులు కొనుక్కుంటారో, చేపలకు గుడ్లు పెట్టే చోట్లు బాగుచేసుకుంటారో, ఊరి రేవు బాగుచేసుకుంటారో వాళ్ల ఇష్టం. ఎంత ఇవ్వాలన్నది కూడా హెల్సింకీలో తేల్చకుండా వాళ్ల సమావేశంలో వాళ్లనే అడగాలి. మొదటిసారి వలలు ఆపినప్పుడు కూడా అధికారులు ఊరూరా తిరిగి, ఒక్కో సంఘంతో కూర్చుని మాట్లాడారు. ఇప్పుడు ఆ బల్ల దగ్గర హోటళ్లవాళ్లు, ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా కూర్చోవాలి, డబ్బు తీసుకుని.